విశ్రామ్ అనేదాకా

పెనుకొండ నుంచి హిందూపురం పోయే రోడ్డు పక్కన ఒక యూనివర్సిటీ ఉంది. దానికి ఒక మూలన ఎన్‌సీసీ అమ్మాయిల హాస్టల్. రోజూ గుడ్డు పెడతారని మిగతా హాస్టళ్ళ పిల్లలకు వీళ్ళ మీద కుళ్ళు. తెల్లారకముందే ఈలకు లేచి, బూట్లు బిగించుకుని పరుగెత్తే సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. బయట తెలుగు, కన్నడం గలగలా మాట్లాడే పిల్లలు గ్రౌండ్‌లోకి దిగితే హిందీ కమాండ్లకు మరబొమ్మల్లా కదులుతారు. సావధాన్ అంటే మడమలు కలవాలి, పిడికిళ్ళు తొడలకు అతుక్కోవాలి. ఇక సీనియర్ వచ్చి విశ్రామ్ అనేదాకా ముక్కు మీద ఈగ వాలినా కదలకూడదు, పలకకూడదు.

ఈ ఏడాది సీనియర్ ఈల పవిత్ర మెడలోకి వచ్చింది. చిలమత్తూరు పిల్ల. నాయన బెంగళూరులో కూలిపని చేస్తాడు. హాస్టల్‌ను మచ్చ లేకుండా నడిపితే ఢిల్లీ క్యాంపుకు పేరు పంపుతానని ఎన్‌సీసీ ఆఫీసర్ మేడమ్ మాటిచ్చింది. అది దాటితే ఆర్మీ, అప్పుడు నాయన కూలి మాని ఇల్లు చేరతాడు. అందుకే పవిత్ర జూనియర్లను పిండేసేది. చనువిస్తే నెత్తికెక్కుతారనేది. నిజం చెప్పాలంటే, తనను చూసి వాళ్ళు బిక్కచచ్చిపోవడం ఆమెకు బాగానే రుచించింది.

పాత సీనియర్ ఝాన్సీ బెంగళూరు ఉద్యోగానికి వెళ్తూ, ఈల చేతిలో పెట్టి ఒక్క మాట చెప్పింది.

"పనిష్మెంట్లు గ్రౌండ్‌లోనే ఇయ్యి పవిత్రా. పై అంతస్తుకు మాత్రం ఎవురినీ పంపొద్దు."

"ఎందుకక్కా?"

"నాకూ ఎవురూ చెప్పలే."

పవిత్ర ఆ మాటను ఆ చెవిన విని ఈ చెవిన వదిలేసింది.

ఆ శనివారం పిల్లలంతా పరేడ్ రిహార్సల్‌కని బస్సులో ధర్మవరం వెళ్ళారు. హాస్టల్లో పవిత్ర, వంట చేసే రత్నమ్మ మిగిలారు. సాయంత్రం జెండా దించే వేళకు, అక్క పెళ్ళికని సెలవు మీద పోయిన సబీనా గోరంట్ల నుంచి తిరిగి వచ్చింది. మొదటి ఏడాది పిల్ల, గట్టిగా పిలిస్తే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునే రకం. యూనిఫాం వేసుకుని వచ్చి సెల్యూట్ చేసింది. అరచేతుల నిండా ఎర్రగా పండిన గోరింటాకు.

సోమవారం మేడమ్ ఇన్‌స్పెక్షన్. యూనిఫాంలో గోరింటాకు కనబడిందంటే చీవాట్లు పవిత్రకే.

"మా అక్క నిఖా గదా అక్కా. పెట్టుకోకుంటే అమ్మ ఒప్పుకోలే."

"అమ్మనే వచ్చి నీ డ్యూటీ చేస్తాదిలే. పో, పై అంతస్తులో చివరి గోడకు ఎదురుగా నిలబడు. సావధాన్. నేనొచ్చి విశ్రామ్ అనేదాకా కదిలినావో, బ్యాగు సర్దుకుని గోరంట్లకే పోదువు."

గ్రౌండ్‌లో నిలబెడితే దారిన పోయే లెక్చరర్ల కంట పడుతుంది. పైన అయితే అడిగేవాళ్ళు లేరు. సబీనా కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

అంతలో మేడమ్ ఫోన్ చేసింది. దుప్పట్ల మడతల నుంచి బాత్‌రూమ్ బకెట్ల దాకా ఒకటే చెప్పింది. ఫోన్ పెట్టేసరికి పొద్దు గూకింది, కరెంటు పోయింది. అప్పుడు గుర్తొచ్చింది పవిత్రకు, పైనొక పిల్లను నిలబెట్టానని. కళ్ళు తిరిగి పడిపోయిందేమో! ఆ పిల్లకేమన్నా అయితే... ఫోన్ బల్ల మీదే వదిలేసి మెట్ల వైపు పరుగెత్తింది.

పై అంతస్తులో ఎవరూ ఉండరు. గదులన్నిటికీ తాళాలు, వసారాలో విరిగిన మంచాలు. ఆరని బట్టల ముక్కిన వాసన, బూటు పాలిష్ వాసన. పాలిష్ వాసన ఇక్కడెందుకుందో ఆమెకు తోచలేదు. కిటికీ చువ్వల్లోంచి పెనుకొండ కొండ నల్లగా కనిపిస్తోంది. కింద వంటింట్లో గిన్నె చప్పుడు కూడా ఇక్కడికి రావడం లేదు.

వసారా చివర, గోడకు ముఖం పెట్టి, ఖాకీలో నిలబడి ఉంది.

పవిత్రకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే గర్వం. ఇంతసేపూ ఇసుమంత కదలలేదంటే పిల్ల దారికొచ్చినట్టే. భుజాలు నిటారుగా, మడమలు అంటుకుని, పిడికిళ్ళు బిగించి... ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు.

"బుద్ధొచ్చిందా?" అంది.

సావధాన్‌లో జవాబు ఉండదు కదా.

"సరే. విశ్రామ్."

ఎడమ బూటు పక్కకు పడింది. వసారా అంతా ఆ చప్పుడు. చేతులు మెల్లగా వెనక్కి వచ్చాయి, తుప్పు పట్టిన గడియ తీసినట్టు, ఆగి ఆగి. వెనక ఒకదాని మీద ఒకటి చేరాయి. విశ్రామ్‌లో కుడి అరచేయి వెనకనున్నవాళ్ళకు కనిపిస్తుంది. పిడికిలి విప్పితేనే కనిపిస్తుంది.

అప్పుడే గేటులోంచి బస్సు లోపలికి వచ్చింది. దాని లైట్లు చువ్వల్లోంచి వసారా మీదుగా పాకాయి.

అరచేయి పాలిపోయి ఉంది. గోరింటాకు లేదు. దాని మధ్యలో నాలుగు గుంటలు... గోళ్ళు దిగి, మానక, మళ్ళీ దిగిన గుంటలు.

"అక్కా..." కింద మెట్ల దగ్గర నుంచి సబీనా గొంతు. "యాడుండావు? బస్సొచ్చింది. నువ్వెంతకీ రాకపాయ, నాకు భయమై వంటింట్లోకి దిగొచ్చేసినా. తిట్టొద్దక్కా..."

పవిత్ర వెనక్కి అడుగు వేయబోయింది.

"సావధాన్."

గుసగుసగా. రెండేళ్ళు ప్రతి తెల్లవారుజామునా విన్న గొంతు. బెంగళూరు పోయిన ఝాన్సీ గొంతు.

పవిత్ర మడమలు ఠక్కున కలిశాయి. ఆమె కలపలేదు... అవే కలిశాయి. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. పరుగెత్తాలనుకుంది. మోకాలు వంగలేదు. అరవాలనుకుంది. పళ్ళు విడలేదు.

ఎదుటిది గోడ దగ్గర నుంచి పక్కకు తప్పుకుంది. ఆమె చెవి పక్కన ఆగింది. బూటు పాలిష్ వాసన.

"పెనుగులాడొద్దు. కాళ్ళు ఇంకా నొప్పెడతాయి."

అడుగులు వెనక్కి పోయాయి. ఒకటి... ఇంకొకటి... మెట్ల దాకా.

"అక్కా?" అంది సబీనా కింద నుంచి.

"ఈడుండా. వస్తాండా." ఈసారి ఆ గొంతు పవిత్రది.

వద్దు సబీనా, దాని దగ్గరికి పోవద్దు. ఈ మాటలు పవిత్ర గొంతులోనే కొట్టుకున్నాయి. ఢిల్లీ క్యాంపు, ఈల, ఏదీ గుర్తు లేదు. ఆ పిల్ల ఒక్కతి ఇంటికి పారిపోతే చాలు. గోరంట్లకే పోదువు అని తనే బెదిరించింది. ఇప్పుడు పొమ్మని చెప్పడానికి నోరు లేదు.

"నీ చెయ్యేందక్కా, ఇంత సల్లగుండాది?"

ఇందాక వినబడని కింది చప్పుళ్ళన్నీ ఇప్పుడు స్పష్టంగా చెవిన పడుతున్నాయి, నవ్వులు, పళ్ళేల చప్పుడు, కరెంటు వచ్చిన కేకలు. ఎవరూ పైకి రాలేదు. ముఖానికి ఎదురుగా గోడ. సున్నం కింద నుంచి తేలిన, నుదుళ్ళు ఆనిన జిడ్డు మరకలు... ఒకదాని పక్కన ఒకటి, రకరకాల ఎత్తుల్లో. ఒక మరక సరిగ్గా ఆమె నుదుటి ఎత్తునే ఉంది.

తెల్లవారుజామున కింద ఈల మోగింది. పిల్లలు వరుసగా నంబర్లు చెప్పారు. సబీనా కూడా చెప్పింది. "అందరూ ఉండారు," అంది పవిత్ర గొంతు. తర్వాత తాపీగా, "ఇంకమీదట పనిష్మెంట్లు గ్రౌండ్‌లోనే. పై అంతస్తుకు ఎవురూ పోయేది లేదు."

"ఎందుకక్కా?" సబీనా అడిగింది.

"నాకూ ఎవురూ చెప్పలే."

పైన పవిత్ర పిడికిలిలో గోళ్ళు చర్మాన్ని తాకాయి.

కాసేపటికి కింద ఫోన్ మోగింది. సబీనా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, బెంగళూరు నుంచి ఝాన్సీ అక్క. పవిత్ర దిగొచ్చిందా అని అడుగుతాండాది."

కింద పవిత్ర గొంతే బదులిచ్చింది.

"దిగొచ్చినానని చెప్పు."