నెట్‌వర్క్‌లో బావ

"సరుకు రవాణా ఆఫీసు ముసుగులో విదేశీ ముఠా. ఈ సాయంత్రం రద్దీలో రైల్వే సిగ్నళ్ళన్నీ ఒక్కసారిగా పచ్చగా మారుస్తారు. ఆ ప్రోగ్రామ్‌ను వెతికి తుడిచెయ్," అన్నాడు చీఫ్. "మన ఏజెంటుగా అక్కడికి వెళ్ళిన మీ బావను చంపింది వాళ్ళే. వెళ్ళగలవా?"

"వెళ్తాను సార్," అన్నాడు ఏజెంట్ డేగ.

ప్రింటర్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. రిసెప్షన్‌లో ముత్యాల దిద్దులు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో ఒకామె. ముఠాలో ఉంటూ చీఫ్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్.

"వాన వచ్చేలా ఉందండీ," అని గుర్తుమాట చెప్పాడు.

"గొడుగు నా దగ్గరుంది," అంటూ ఆమె అతన్ని వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

ఫైల్ బ్రౌజర్ తెరిచి నెట్‌వర్క్ మీద క్లిక్ చేశాడు. ఆఫీసులోని కంప్యూటర్ల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. చివరిది చూసి మౌస్ కదపడం ఆపేశాడు. 'బుజ్జిబావ'. అక్క పెళ్ళయిన కొత్తలో డేగ బావకు పెట్టిన ముద్దుపేరు. రేవులో శవమై తేలిన మనిషి తెర మీద నుంచి పలకరించినట్టయింది.

"ఆయన లాప్‌టాప్ పక్కగదిలో బాస్ దగ్గరుంది," ఆమె గుసగుసలాడింది. "రైల్వే ఇంజనీరుగా నటించారు కదా, సిగ్నల్ రూమ్ ఆ లాప్‌టాప్ ఆదేశాలనే నమ్ముతుంది."

'బుజ్జిబావ' మీద క్లిక్ చేస్తే షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుంది. ప్రోగ్రామ్ అందులోనే ఉంది. డిలీట్ నొక్కాడు. 'మీకు అనుమతి లేదు.' గెస్ట్‌గా వచ్చినవాడు చూడగలడంతే. కనెక్షన్ తెంచి, బావ యూజర్‌నేమ్‌తో మళ్ళీ కలిపాడు. పాస్‌వర్డ్ అడిగింది. అక్క పేరు కొట్టాడు. కాదంది.

"చివర్లో బావ ఏమన్నా అన్నారా?"

ఆమె తల దించుకుంది. "హంతకులకు తలుపు తీసింది నేనే. తియ్యకపోతే నా గుట్టు బయటపడేది. పోతూ పోతూ, 'ఉప్పు తక్కువైంది' అన్నారు. మతి చలించిందనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది."

డేగ కీబోర్డు వైపు తిరిగాడు. అక్క ఏం వండినా బావ అనే మాట అదే. అక్క అలిగేదాకా అనేవాడు.

ఆ మాటే టైప్ చేశాడు. ఫోల్డర్ ఒప్పుకుంది. డిలీట్.

పక్కగదిలో బాస్ గొంతు: "నొక్కాను కదా, ఫైల్ లేదంటుందేంటి?"

ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. లోపలి ట్రాన్స్‌మిటర్ సంకేతం అందగానే కమాండోలు తలుపులు బద్దలుకొట్టారు.

ఫోన్‌లో చీఫ్ అన్నాడు: "ఆ లాప్‌టాప్ సాక్ష్యం. నేరుగా నాకు పంపు."

"ముందు అక్క చూడాలి సార్. బావ చివరి మాట అందులోనే ఉంది."

"రూల్స్ ఒప్పుకోవు."

"అయితే ఆ ముక్క మీరే వచ్చి అక్కతో చెప్పండి."

ఎన్నో ముఠాలను మట్టికరిపించిన చీఫ్ గొంతు తగ్గించాడు.

"సరేలే," అన్నాడు చివరికి, "రూల్స్ నేను చూసుకుంటాను."