గోడ మీద పాకిన వెలుగు

బీదరు శివార్లలోని నౌబాద్‌లో ఆటోవాళ్లు కుక్క అడ్డం వచ్చినా హారన్ కొడతారు, రాకపోయినా కొడతారు. ఒక్క మలుపు దగ్గర మాత్రం చీకటి పడ్డాక కొట్టేవారు కాదు. ఎందుకని అడిగితే ఒకతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు — "కొడితే… లోపల్నుంచి ఎవరన్న ఏందని అడుగుతరేమో!"

ఆ మలుపులో ఆకుపచ్చ గేటు ఇల్లు ఒకటి ఉంది. ముందు ఒక గది, లోపల ఒక గది, వెనక వంటిల్లు. చూడటానికి పక్క ఇళ్లలాగే ఉంటుంది. కానీ కిరాయికి వచ్చినవాళ్లెవరూ అందులో నిలవలేదు. ఒకరు నీళ్లు సరిగా రావన్నారు. ఇంకొకరు గాలి ఆడదన్నారు. తరువాత వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఏమీ అనలేదు… తాళంచెవి గేటుకు వేలాడదీసి, సగం బియ్యం ఉన్న డబ్బా కూడా వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో హత్య జరగలేదు. ఎవరూ ఉరి పోసుకోలేదు. పునాది కింద పాత సమాధి ఉందన్నవాడిని ఎవరు చెప్పారని అడిగితే ఇంకొకరి పేరు చెప్పాడు. ఆ ఇంకొకరిని అడిగితే మొదటివాడి పేరు చెప్పాడు. వార్తగా రాయడానికి ఒక్క ముక్క లేదు. చెడ్డపేరు మాత్రం స్థిరపడిపోయింది.

ఇంటి యజమాని సంసోను. పీటీ మాస్టరుగా రిటైరయ్యాడు. బైబిల్లోని ఆ బలశాలి పేరుకు తగ్గ భుజాలు, ఆ భుజాలకు తగ్గ గొంతు. దయ్యం లేదు గియ్యం లేదని వీధి చివరి దాకా వినపడేటట్టు ఏళ్ల తరబడి చెప్పినవాడు. ఈ కథ నాకు చెప్పింది అతనే. చెప్పినంతసేపూ తనను తానే తిట్టుకున్నాడు.

కూతురు హేబ్సిబా విశాఖపట్నంలో ఫిజియోథెరపీ చదివింది. అక్కడే ఆసుపత్రిలో చేస్తున్న ఉద్యోగం వదిలేసి, ఈ ఇంట్లో సొంతంగా క్లినిక్ పెడతానని వచ్చేసింది. ఆదివారం ప్రార్థనతో ప్రారంభం. బోర్డు రాయించి, గుడ్డ కప్పి, గేటు పక్కన ఆనించింది కూడా.

"నాన్నా, మోకాళ్ల నొప్పులోళ్లు ఈ మలుపు దాక నడిచి రావాలె. ఈ ఇంటికి ఇంకొక్క కథ పుట్టిందంటే ఎవ్వరు రారు. నేను బోర్డు దించుకొని పోవుడే" అంది.

"పుట్టది బిడ్డా. నేనున్న గద" అన్నాడు సంసోను. ఆ కథ తానే కంటానని అప్పుడు తెలియదు.

ముందు ఇంటికి రంగులు వేయించాలి. ఊళ్లో పెయింటరు గాలయ్య చాయ్ తాగేటప్పుడు సరేనన్నాడు. ఏ ఇల్లో విన్నాక వాళ్లమ్మకు ఒంట్లో బాగా లేకుండా పోయింది. ఇంకో పెయింటరుకు అత్తగారికి బాగా లేకుండా పోయింది. ఆ తరువాతి వాడికి వెనకాముందూ ఎవరూ లేరు. అందుకని ఫోన్ ఎత్తడం మానేశాడు.

అప్పుడు హేబ్సిబా విశాఖలో తను చూసిన ఒక పెయింటింగ్ కంపెనీకి ఫోన్ చేయించింది. వాళ్ల మనుషులు హైదరాబాద్‌లో ఒక పని ముగిస్తున్నారు. బీదరు వచ్చి పోవడానికి ఒప్పుకున్నారు. కంపెనీ ఆఫీసులో అమ్మాయి అందరినీ అడిగినట్టే సంసోనునూ అడిగింది.

"మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం సార్?"

"బీదరుల సముద్రం లేదమ్మా. మాంజ్రా నది ఉంది. అది గూడ వానలు పడితేనే."

"ఉప్పుగాలి తగులుతుందా సార్?"

"తగిలితే జర మాకు గూడ చెప్పున్రి. పొయ్యి నిలబడతం."

"గోడల్లో చెమ్మ, బూజు… ఇంట్లో ఇంకేమైనా సమస్య ఉందా?"

"ఏం లేదు!"

"అంత జల్ది జవాబు నా సర్వీసుల ఎన్నడు చెప్పలె సార్" అన్నాడు సంసోను నాతో. "అబద్ధం చెప్పలే సూడున్రి. దయ్యం ముచ్చట ఆమె అడగలె."

వాళ్లు వచ్చారు. ముగ్గురు. ఒకే రంగు చొక్కాలు, టోపీలు, చెప్పులకు తొడుగులు. మేస్త్రి పేరు జయానందం. గోడను చేత్తో తట్టి, చెవి ఆనించి, డాక్టరు వీపు చూసినట్టు చూసేవాడు.

సంసోనుకు ఒక్కటే భయం. వీధిలో ఎవరైనా వీళ్ల చెవిన వేస్తే… టోపీలతో సహా రైలెక్కేస్తారు. అందుకని వాళ్లకు చర్చి ఆవరణలో గది ఇప్పించాడు. చాయ్ కొట్టుకు పోకుండా తనే ఫ్లాస్కు మోశాడు. సాయంత్రం ఐదింటికి పని బంద్ చేసి వెళ్లిపోవాలని గట్టిగా చెప్పాడు. ఎదురింటి అనసూయమ్మకు ఇంకో మాట చెప్పాడు. ఆమెది జహీరాబాద్ వైపు; కొడుక్కి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగమైతే వచ్చి ఉంటోంది. వీధిలో ఏం జరిగినా ఆమె మేడ మీద నుంచి చూడాల్సిందే.

"వాళ్లకు తెలుగు రాదక్కా. మాట్లాడినా ఫాయిదా లేదు" అన్నాడు.

"అవునా అన్నా? మరి పొద్దుగాల ఆ మేస్త్రి 'ఏటండీ, ఎండ మండిపోతంది' అన్నడు. అది ఏ భాష?"

సంసోను ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

గోడలకు పుట్టీ పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్దిన రోజు అది. పొద్దుగూకింది. సంసోను చర్చిలో ఆదివారం పాటలకు కుర్చీలు సర్దుతున్నాడు. అనసూయమ్మ ఫోన్.

"అన్నా… నీ ఇంట్ల దీపం పాకుతాంది."

"పాకుడేందక్కా?"

"నడుస్తలేదు. పాకుతాంది. గోడకు అతుక్కొని… కిందికెల్లి మీదికి… మళ్ల కిందికి… ఏదో దేవులాడుతున్నట్టు. వీధంత ఈడనే ఉంది. నువ్వు జల్ది రా."

అతను స్కూటర్ మీద వచ్చేసరికి ఎదురు గోడ వెంట జనం నిలబడి ఉన్నారు. ఇంట్లో లైట్లు ఆరిపోయి ఉన్నాయి. లోపలి గది కిటికీలో మాత్రం… ప్లాస్టిక్ పరదా వెనక… సన్నని తెల్లని వెలుగు. పైకి వెళ్లింది. ఆగింది. మెల్లగా పక్కకు జరిగింది.

అందరూ సంసోను వైపు చూశారు. దయ్యం లేదన్నది అతనే కదా!

"వాపస్ పోదామనే అనుకున్న సార్. స్కూటర్ బంద్ చేసిన, మళ్ల చాలూ కాలె" అన్నాడు నాతో.

గేటు తోశాడు. కిర్రుమనలేదు. ముందురోజు తనే నూనె పోశాడు. కిర్రుమన్నా కాస్త తోడుండేదనిపించింది.

ముందు తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది.

లోపల చీకటి. కిటికీలకు కట్టిన ప్లాస్టిక్ ఉబ్బుతోంది… లోపలికి పీల్చుకుంటోంది… మళ్లీ ఉబ్బుతోంది. ఇల్లు ఊపిరి తీసుకుంటున్నట్టు. అడుగు వేశాడు — చప్పుడు లేదు. ఇంకో అడుగు — లేదు. నేల మెత్తగా, బూడిదలా ఉంది. తను నడుస్తున్నాడో లేదో తనకే తెలియడం లేదు.

లోపలి గది గుమ్మం దాకా వెళ్లాడు. వెలుగు గోడను రాసుకుంటూ పాకుతోంది. దాని వెనక ఏదో తెల్లగా… మనిషంత ఎత్తు. ముఖం లేదు.

గుసగుస వినపడింది — "పగలు కనబడదురా… సీకటి పడ్డాకే పైకి లేత్తాది…"

సంసోను కీర్తన చదువుదామని నోరు తెరిచాడు. చిన్నప్పటి నుంచి కంఠస్థమైన కీర్తన. ఒక్క మాట రాలేదు. ఉద్యోగమంతా పిల్లల్ని కదలకుండా నిలబెట్టడానికి నోట నానిన మాటే వచ్చింది.

"సావధాన్!"

వెలుగు కిందపడి ఆరిపోయింది. గదిలో ముగ్గురు అరిచారు. గుమ్మంలో ఒకడు అరిచాడు. "ఆ నాలుగోది నాదే సార్. నా గొంతుల అంత సన్నం అరుపు ఉందని నాకెర్కలేదు."

వెనక్కి తిరిగి ఉరకబోయాడు. కాలు జారింది. గోడలు రుద్దగా రాలిన పిండి అంతా ఊడ్చి పెట్టిన కుప్పలో వెల్లకిలా పడ్డాడు. అతని మీదుగా ఎవరో దూకారు. ఒకరు కాదు… ముగ్గురు.

వీధిలోవాళ్లు చూసింది ఇది — ఆకుపచ్చ గేటులోంచి, తల నుంచి కాలి దాకా తెల్లగా, ముఖాలకు గుడ్డలు చుట్టుకున్న మూడు ఆకారాలు కేకలు పెడుతూ బయటికి వచ్చాయి. జనం పారిపోయారు. రోడ్డు మీద చెప్పులు మిగిలాయి. చెప్పులతో పాటు అనసూయమ్మ మిగిలింది. చేతిలో కర్ర ఉన్నా ఆమె మోకాళ్లు ఉరకనివ్వవు.

చివరగా ఇంకొకటి వచ్చింది. మిగతావాటికంటే తెల్లగా, నడుము పట్టుకుని, కుంటుకుంటూ.

అనసూయమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఏందన్నా… పిండి గిర్నీల పడ్డవా?"

మురిక్కాలువ బండ మీద కూర్చుని రొప్పుతున్న తెల్ల ఆకారం ఒకటి ముఖం మీది గుడ్డ విప్పింది. జయానందం.

"ఐదింటికి బంద్ చెయ్యమన్న గద!" అన్నాడు సంసోను. అరవాలనుకున్నాడు కానీ గొంతు ఇంకా సన్నగానే ఉంది.

"పని ఐదింటికే ఆపేసినాం సార్. ఇది పని కాదండి, సూడ్డం. పగలు గోడంతా సాపుగానే కనబడతాది. సీకట్లో లైటు గోడకి ఆనించి పట్టుకుంటే ఎక్కడ మిట్టుందో, ఎక్కడ పల్లముందో నీడ పడి తెలిసిపోద్ది. మాకాడ ఏ ఇంటికైనా ఇదే సేత్తాం."

"మరి ఎందుకు ఉరికినవ్?"

"సీకట్లో ఎనకనుంచి సావధాన్ అంటే ఏటి సెయ్యమంటారు సార్… నిలబడిపోమంటారా?"

జనం మెల్లమెల్లగా తిరిగి వచ్చారు. దూరంగానే ఆగారు. ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కోవడం లేదు. సంసోను నోటి వైపే చూస్తున్నారు. వాళ్ల వెనక హేబ్సిబా నిలబడి ఉంది. చర్చి నుంచి పరుగున వచ్చింది. గేటు పక్కన గుడ్డ కప్పి ఉన్న బోర్డు వైపు ఒకసారి చూసింది.

కాలు జారిందనవచ్చు. పెయింటర్లే ఉత్త పుణ్యానికి బెదిరారనవచ్చు. అలా అంటే పీటీ మాస్టరు పరువు దక్కుతుంది. తెల్లారేసరికి ఆ ఇల్లు పీటీ మాస్టరంతటివాడిని ఎత్తి పడేసిందన్న కథ కూడా దక్కుతుంది.

సంసోను వీధిలైటు కిందికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇనున్రి. దయ్యం నేనే" అన్నాడు.

అంతా చెప్పాడు. ఫ్లాస్కు ఎందుకు మోశాడో చెప్పాడు. వీళ్లకు తెలుగు రాదని అనసూయమ్మకు చెప్పిన సంగతి చెప్పాడు. కీర్తన రాక సావధాన్ వచ్చిన సంగతి చెప్పాడు. ఎలా అరిచాడో, అదే సన్నని గొంతుతో, నడుము పట్టుకుని అరిచి చూపించాడు. ముందు అనసూయమ్మ నవ్వింది. తరువాత జయానందం. ఆ తరువాత వీధి ఆగలేదు. హేబ్సిబా తండ్రి భుజం మీది పిండి దులుపుతూ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రితో ఆ ఇంటి పేరు మారిపోయింది. అంతవరకూ వణుకుతూ చెప్పుకున్నవాళ్లు పొట్ట పట్టుకుని చెప్పుకున్నారు. సంసోను కూరగాయలకు పోయినా వెనక నుంచి సావధాన్ వినపడేది. ఆదివారం ప్రార్థనకు కుర్చీలు చాలలేదు. గాలయ్య కూడా తల్లితో సహా వచ్చాడు. ఆమె ఆరోగ్యంగా ఉంది. క్లినిక్‌లో మొదటి పేషెంటు సంసోనే. నడుము.

నేను వెళ్లింది మెడనొప్పితో. పత్రికలో ఇతరుల రాతలు దిద్దుతూ వంగి వంగి తెచ్చుకున్నది. ముందు గదిలో బెంచీ మీద నలుగురైదుగురం కూర్చున్నాం. పేర్లు రాసుకునే బల్ల దగ్గర సంసోను; తండ్రీకూతుళ్లు తప్ప అక్కడ పనికి ఇంకెవరూ లేరు. వచ్చినవాళ్లందరికీ ఈ కథ అతనే చెబుతాడట. సగం నొప్పి దానితోనే పోతుందంటాడు. గోడలు మాత్రం అద్దంలా ఉన్నాయి. మేము ఇంకా నవ్వుతూనే ఉన్నాం.

హేబ్సిబా ముందు గదిలోనే ఒకతని భుజానికి కట్టు కడుతోంది.

లోపలి గది తలుపు తెరుచుకుని అనసూయమ్మ వచ్చింది. కర్ర లేకుండా నడుస్తోంది.

"మంచిగైంది బిడ్డా. నువ్వు మిషన్ పెట్టి ఇటొచ్చినవ్ గద… ఎనక పెద్దామె వచ్చి నొక్కింది. ఏం నొక్కుడమ్మా! పానం లేచొచ్చింది. చేతులే… మస్తు సల్లగున్నయ్. జర వేడినీళ్లల్ల పెట్టుకొని రమ్మని చెప్పు."

కట్టు కడుతున్న చేయి ఆగింది.

హేబ్సిబా తండ్రి వైపు చూసింది. సంసోను కూతురి వైపు చూశాడు. తరువాత బెంచీ వైపు… అక్కడ కూర్చున్న మా అందరి ముఖాల వైపు.

"కొత్తగ పెట్టుకున్నమక్కా" అన్నాడు. గొంతు సన్నగా ఉంది. "వేడినీళ్ల ముచ్చట… చెప్త."

లోపలి గది వైపు అతను తల తిప్పలేదు. కాగితం మీద వేలు పెట్టి, తరువాతి పేరు పిలిచాడు.

నాది.