పుంతా సెరెనాలో మాయమైన గుడ్లు

పెళ్లయి ఆరు రోజులైంది. లిమోన్ పట్టణపు ప్రైవేటు డిటెక్టివ్ లినెట్ గ్రెనాల్డ్ పుంతా సెరెనా రక్షిత తీరంలో కొబ్బరిపాల అన్నం తింటోంది. అంతలో గైడ్ డార్నెల్ పరుగెత్తుకొచ్చాడు.

"తెల్లవారుజామున కాఫీకి వెళ్లొచ్చేసరికి తాబేలు గూడు ఖాళీ అయింది మేడమ్. కాపలా నాదే కాబట్టి నేనే అమ్ముకున్నానంటున్నారు. బ్యాడ్జీ లాక్కున్నారు. రేపు విచారణ. ఇంకెక్కడా నాకు గైడ్ పని దొరకదు."

"హనీమూన్‌లో కేసులు తీసుకోనన్నావు," అన్నాడు ఆమె భర్త, సహాయకుడు ఆస్వెల్. చెప్పులు మాత్రం అప్పటికే వేసుకున్నాడు.

గూడు సరిగ్గా అలల అంచున ఉంది. లినెట్ ఇసుక మీద బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చింది.

"చుట్టూ పుల్ల గుచ్చిన గుర్తు ఒక్కటీ లేదు. దొంగలైతే గుచ్చి గుచ్చి వెతుకుతారు. తీసినవాళ్లకు చోటు ముందే తెలుసు. పైగా తల్లి చివర్లో పెట్టే, లోపల పిల్ల ఉండని చిట్టి గుడ్లు కూడా లేవు. వాటిని ఎవరూ కొనరు, దొంగైతే ఇక్కడే పారేసేవాడు."

"ఇసుకలో పడుకున్నా నువ్వు అందంగానే ఉన్నావు."

"కేసు చూడు."

ఆమె లేవగానే ఒక అల వచ్చి గుంటను నింపేసింది.

ఆ చోటు తెలిసినవాళ్లు ముగ్గురే: డార్నెల్, అతని బ్యాడ్జీ లాక్కున్న అధికారి ఒబాండో, ఎదురుగా హోటల్ నడిపే ముసలి ఐవొరిన్. లినెట్ హోటల్‌కు వెళ్లింది.

"వేలికి ఏంటి మిస్ ఐవొరిన్?"

"బొగ్గు మసి తల్లీ. వంటింటి బతుకు కదా."

ఆమె వెనక గ్యాస్ పొయ్యి బుస్సుమంటోంది. పెరట్లో ఒక ఇసుక మడి చుట్టూ వెదురు దడి కొత్తగా కనిపించింది.

"అదేం మడి?"

"కొత్తిమీర చల్లా."

"ఇసుకలోనా?"

"కొత్త పెళ్లికూతురివి, నా కొత్తిమీరతో నీకేం పని? పోయి మొగుడికి అన్నం పెట్టుకో."

"మా ఇంట్లో ఆయనే నాకు పెడతాడు."

మధ్యాహ్నం జోరుగా వాన కురిసి వెలిసింది. లినెట్ అందరినీ ఆ దడి దగ్గరకు పిలిచింది.

"గుడ్లను ఎవరూ దొంగిలించలేదు. నిన్న సముద్రం గూటిదాకా వచ్చింది. తెల్లవారుజామున డార్నెల్ కాఫీకి వెళ్లినప్పుడు మిస్ ఐవొరిన్ వాటిని ఇక్కడికి మార్చింది. గుడ్డు తలకిందులైతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. అందుకని ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో చుక్క పెట్టింది, ఆ చుక్క పైకే ఉండేలా పేర్చింది. గ్యాస్ మీద వండే మనిషి వేలికి మసి అలా వచ్చింది."

"అయితే తవ్వి చూద్దాం," అన్నాడు ఒబాండో.

ఐవొరిన్ దడికి అడ్డంగా నిలబడింది. "ఇందుకే చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు గుడ్లు అమ్ముకున్నదాన్ని, నా మాట ఎవరు నమ్ముతారు? తవ్వే చూస్తారు. ఇంకోసారి కదిపితే ఒక్కటీ బతకదు."

"నా పేరు పోతున్నా నోరు విప్పలేదా మామ్మా?" అన్నాడు డార్నెల్.

"రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, అప్పుడు చెబుదామనుకున్నా నాయనా. పేరు పోతే మళ్లీ తెచ్చుకుంటావు. ప్రాణం పోతే అవి ఎక్కడ తెచ్చుకుంటాయి?"

"రుజువు లేకుండా బ్యాడ్జీ ఇవ్వలేను," అన్నాడు ఒబాండో.

లినెట్ వేలితో మడిని చూపించింది. మడి మధ్యలో ఇసుక గిన్నెలా దిగిపోయి ఉంది. ఇసుక చల్లబడితే పిల్లలు రాత్రయిందనుకుని పైకొస్తాయి, వాన చల్లదనం కింది వరకూ చేరినట్టుంది. ఇసుక కదిలింది. బొటనవేలంత, తెడ్డులాంటి నల్లటి కాలు ఒకటి బయటకు వచ్చింది. దాని వెనక తల. చూస్తుండగానే ఆ గిన్నె అంతా ఉడుకుతున్నట్టు పొంగింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, ఎప్పుడూ చూడని సముద్రం వైపే తిరిగాయి. ఐవొరిన్ దడి పీకేసింది. ఆస్వెల్ భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, దారిలో ఉన్నారు. రెండడుగులు వెనక్కి జరగండి," అన్నాడు డార్నెల్, నెమ్మదిగా.

ఒబాండో వెనక్కి జరిగాడు. పిల్లల మీంచి చూపు తిప్పకుండానే జేబులోంచి బ్యాడ్జీ తీసి అతని వైపు చాచాడు.