చివరి గదిలో ఊపిరి

నిద్ర మీద పరిశోధన చేసే ఆ ఆసుపత్రిలో చివరి గదికి మంచి పేరు లేదు. అక్కడ పడుకున్నవాళ్ళకి పక్కనే ఇంకెవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుందట. ఊడ్చే ఆవిడ కూడా తలుపు బార్లా తెరిచిగాని లోపలికి అడుగుపెట్టదట.

మా బావకి ఆ గదే దొరికింది.

బావ బస్సు డ్రైవరు. నెలల తరబడి కంటి మీద కునుకు లేదు. సంగతి డిపోలో తెలిసి డ్యూటీ ఆపేశారు. నిద్ర పడుతోందని డాక్టరు రాసిస్తేనే మళ్ళీ స్టీరింగు. స్టీరింగు లేని బావ ఇంట్లో ఎలా ఉంటాడో మా అక్కని అడగాలి... గోడ గడియారంతో కూడా తగువే.

ముందు ఫోన్‌లో ఒక యాప్ ఇచ్చారు. మంచం పక్కన పెడితే మన ఊపిరి వింటుంది. ఎంతకీ నిద్ర పట్టకపోతే, "మంచం దిగండి. కునుకు వచ్చాకే మళ్ళీ పడుకోండి," అని ఆడగొంతుతో మెల్లగా చెబుతుంది. మనం నిద్రపోయామనుకుంటే తన చిన్న దీపం ఆర్పేసుకుంటుంది. మా అక్క దానికి 'సవతి' అని పేరు పెట్టింది.

బావ బాగానే నిద్రపోతున్నాడని సవతి అంటుంది. కన్ను మూస్తే ఒట్టు అని బావ అంటాడు. ఎవరిది నిజమో తేల్చడానికే ఆ గదిలో పడుకోబెట్టారు.

తల నిండా వైర్లు అతికించి, ఛాతీకి పట్టీ కట్టి, సవతి ఉన్న ఫోన్‌ని మంచం పక్కనే పెట్టి, టెక్నీషియన్ అమ్మాయి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. బావ పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

కాసేపటికి... సవతి దీపం ఆరిపోయింది.

బావ మేలుకునే ఉన్నాడు. మరి ఎవరు నిద్రపోయారని అనుకుంటోంది ఇది?

అప్పుడు వినిపించింది — ఊపిరి. నిదానంగా, బరువుగా... చెవి పక్కనే.

బావ తన ఊపిరేనేమో అని బిగపట్టి చూశాడు.

అది ఆగలేదు.

అమ్మాయిని పిలుద్దామంటే నోరు పెగల్లేదు. చెయ్యి లేవలేదు. తెల్లారేదాకా పైకప్పు మీంచి చూపు తిప్పకుండా అలాగే పడి ఉన్నాడు.

పొద్దున అమ్మాయి వైర్లు తీస్తుంటే గొణిగాడు. "గదిలో ఎవరో ఉన్నారమ్మా. రాత్రంతా మేలుకుని విన్నాను."

"మీరెక్కడ మేలుకున్నారు సార్? ఒళ్ళు తెలీకుండా నిద్రపోయారు. గ్రాఫ్ చూడండి."

"ఊపిరి బిగపట్టి చూశానమ్మా..."

"బిగపట్టినట్టు కలగన్నారు. మీరు విన్నది మీ ఊపిరే. మేలుకుని ఉన్నట్టు కలలొచ్చేవాళ్ళనే ఈ గదిలో పడుకోబెడతాం. అందుకే దీనికా పేరు."

బావకి ప్రాణం లేచొచ్చింది. దెయ్యం లేదు, నిద్ర ఉంది. డాక్టరు సంతకం పెట్టేశాడు.

గుమ్మం దాటబోతుంటే మాత్రం కాళ్ళు ఆగిపోయాయట. వెనక్కి తిరిగి అడిగాడు — "అయితే... నేను మేలుకుని ఉన్నానో లేదో నాకెలా తెలుస్తుందమ్మా?"

ఆ అమ్మాయి ఆ గ్రాఫ్‌నే మళ్ళీ చూపించిందట.

ఇదంతా బావ నాకు బస్సు నడుపుతూ చెప్పాడు. మళ్ళీ డ్యూటీ ఎక్కిన మొదటి రాత్రి అది. ఇంజను పక్క సీట్లో నేను. వెనక బస్సు నిండా జనం, అందరూ నిద్రలో ఉన్నారు.

"భలేవాడివి బావా," అని నవ్వాను.

పలకలేదు... ఎదురుగా మలుపు వస్తోంది.

"బావా... మేలుకునే ఉన్నావా?"

రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, మెల్లగా అన్నాడు —

"అదే నిన్ను అడుగుదామనుకుంటున్నాను బామ్మర్దీ..."