జేబులో లవంగాలు

ఆ రోజు కూడా అమ్మాజీ భర్త చొక్కా జేబులో నాలుగు లవంగాలు వేసి చేతికందించింది. ఆయన, దానం మాస్టారు, రాజోలు దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతారు. రాత్రి తాగిన వాసన పొద్దున్న పిల్లలకి తెలియకూడదని మూడేళ్లుగా ఆ ఇంట్లో సాగుతున్న ఏర్పాటది. ఇంత శ్రద్ధగా కాపాడుకునే పరువు ఊళ్లో ఇంకెవరికీ లేదేమో!

తొమ్మిదో తరగతి చదివే కూతురు లిడియా గుమ్మంలో నిలబడి చూసింది. ఒకప్పుడు నాన్న తనని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని, దారంతా పాటలు పాడుతూ బడికి తీసుకెళ్లేవారు. ఆ సైకిలూ ఉంది, నాన్నా ఉన్నారు. అయినా ఆ దారి కోసం పిల్ల బెంగపెట్టుకుంది.

"సైకిలెక్కవే, నాన్నగారు దింపేస్తారు" అంది అమ్మాజీ.

"వద్దులే అమ్మా, నడుస్తాను."

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. బళ్లో వారానికొకసారి మత్తు అలవాట్ల గురించి పాఠం పెట్టారు. సైన్సు మాస్టారు కదా అని ఆ పని దానంగారి నెత్తినే పడింది. పిల్లలు పేరు రాయకుండా చీటీలు డబ్బాలో వేస్తే, ఆయన పైకి చదివి జవాబు చెప్పాలి. "ఏ చీటీనీ దాచనర్రా" అని మొదటిరోజే మాటిచ్చారు.

ఆ పూట మూడో చీటీ విప్పి గడగడా చదివేశారు.

"మా అమ్మ రోజూ నాన్నగారి జేబులో లవంగాలు వేస్తుందండి. అమ్మ వేయడం మానేస్తే నాన్నగారు తాగడం మానేస్తారాండి?"

చివరి మాట దగ్గర ఆయన ఆ చేతిరాత గుర్తుపట్టారు. ఆ అక్షరాలు పలకమీద దిద్దించింది తనే. వెనక బెంచీలో లిడియా తలెత్తలేదు.

"దీనికి జవాబు నాకింకా తెలీదు" అన్నారు మాస్టారు. చీటీ మడిచి లవంగాల పక్కనే పెట్టుకున్నారు.

సాయంత్రం ఆయన ఎక్కడికీ వెళ్లకుండా తిన్నగా ఇంటికొచ్చి, ఆ చీటీ భార్య చేతిలో పెట్టారు. చదివి అమ్మాజీ కూతురి మీద మండిపడింది.

"ఇంటి గుట్టు క్లాసులో పెడతావటే? నేనింత తంటాలు పడేది ఎవరికోసం అనుకున్నావ్?"

"పరువు నాకొద్దమ్మా! నాకు మా నాన్నగారు కావాలి. లవంగం వాసనొస్తే చాలు, ఏడుపొచ్చేస్తుంది నాకు."

అమ్మాజీ కుర్చీలో కూలబడింది. "ఆయనకి మేలే చేస్తున్నాననుకున్నానే..."

"దాన్నీ ఏమీ అనకు, నిన్నూ నువ్వు అనుకోకు" అన్నారు దానంగారు. "తాగింది నేను."

మర్నాడు పొద్దున్న అమ్మాజీ చెయ్యి అలవాటుగా పోపులపెట్టె దాకా వెళ్లి, వెనక్కొచ్చేసింది. ఖాళీ జేబు చొక్కా తొడుక్కుని మాస్టారు సైకిల్ బయటికి తీశారు. లిడియా దగ్గరకొచ్చి చొక్కాకి ముఖం ఆనించింది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

"రాత్రి తాగలేదాండీ?"

"లేదమ్మా."

"మరి రేపో?"

"రేపు పొద్దున్న మళ్లీ వాసన చూడు. తాగుంటే నడిచెళ్లిపో."

లిడియా వెనక ఎక్కింది. కాలవగట్టు దాటాక ఆయన సన్నగా పాట ఎత్తుకున్నారు. మూడేళ్లయింది కదా, రెండో చరణం గుర్తురాక ఆగిపోయారు.

ఏడుస్తూనే లిడియా అందించింది.