దస్తగిరి నింపిన అడ్మిషన్ ఫారం

దస్తగిరి బడి చూడటానికి పోయాడు. బడి తప్ప మిగతావన్నీ చూసి వచ్చాడు.

తప్పు పూర్తిగా అతనిది కాదు, పంపిన అక్క ఖాసింబీది కూడా. బావ కువైట్‌లో డ్రైవరు. ఆరేళ్ళ కూతురు సమీరాకి ఇంగ్లీషూ రావాలి, ఖురానూ రావాలి, రెండూ ఒకే చోట రావాలి అని మొగుడూ పెళ్ళాలు ఫోన్లోనే తీర్మానించుకున్నారు. ఆదోని బైపాసు పక్కన కొత్తగా వచ్చిన ఇంటర్నేషనల్ స్కూలు ఫ్లెక్సీ మీద అచ్చం అదే రాసి ఉంది: అమెరికా సిలబస్సు, ఇస్లామీ చదువు.

"నువ్వు బీకాం సదివినోడివి. పోయి బాగా సూసి, అన్నీ అడిగి రా," అంది అక్క.

పరుపుల అంగడికి తాళం వేసి, చొక్కా మీది దూది దులుపుకుంటూ వెళ్ళాడు. ఆఫీసు గది తలుపు గట్టిగా తోశాడు. అవతల ఒక అమ్మాయి గోడకి నోటీసు అంటిస్తోంది. ఆమె చేతిలోని జిగురు డబ్బా ఎగిరి ఆమె దుపట్టా మీదే పడింది.

"దేఖ్‌కే ఆనా నై ఆతా క్యా?" చూసుకుని రావడం తెలీదా అని ఉర్దూలో కళ్ళెర్ర చేసింది.

దస్తగిరికి ఉర్దూ అర్థమవుతుంది, నోరు తిరగదు. పరుపులు కుట్టే దూదేకుల ముస్లిముల ఇళ్ళలో అంతే. నమాజు అరబ్బీలో, తిట్టుకోవడం ముద్దు చేసుకోవడం అన్నీ తెలుగులో. ఉర్దూ మాట్లాడేవాళ్ళ ముందు నిలబడితే చాలు, చిన్నప్పటినుంచీ అతనికి ఒక మెట్టు కింద నిలబడినట్టే ఉంటుంది.

"మాఫ్... మాఫ్ కరో మేడం," అన్నాడు తంటాలు పడి.

ఆమెకి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఆ ఆపుకోవడం చూసిన క్షణంలోనే మనవాడి పని అయిపోయింది.

పేరు నస్రీన్. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే టీచరు. అడ్మిషన్ల నెల కాబట్టి ఫారాలు కూడా ఆమే చూస్తోంది. ఎదురుగా కూర్చోబెట్టి ఒకటి ఇచ్చింది. పాప పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అన్నీ చకచకా నింపాడు. మాతృభాష అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. తలెత్తి ఆమెని చూశాడు. ఉర్దూ అని రాసేశాడు.

ఆ తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. స్కూలు బస్సు ఏ వీధిలోంచి వస్తుంది? తాగే నీళ్ళు ఎక్కడివి? అమెరికా పుస్తకాల్లో మన చెట్లు, మన పురుగులు ఉంటాయా? ఒక్కో అనుమానానికీ ఒక్కో రోజు అంగడి మూశాడు. అతని ఉర్దూ భరించలేక నాలుగో రోజుకి ఆమే శుద్ధమైన తెలుగులోకి దిగింది.

"ఈ రోజు ఏం కనుక్కోవాలి సార్?"

"పిల్లోళ్ళు అన్నం యాడ తింటారు మేడం?"

"మొన్న అడిగారు కదా!"

"మొన్న అడిగింది ఎప్పుడు తింటారని."

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు. కిటికీ అవతల జూన్ వాన దంచుతోంది. ఆ వాన ఆగకూడదని దస్తగిరి మనసులో దువా చేసుకున్నాడు.

ఇంట్లో అక్కకి అనుమానం రానే వచ్చింది. "బడి సూసి రమ్మంటే, కొనేటట్టున్నావే?"

"పాప బతుకు కదక్కా. తొందరపడకూడదు," అన్నాడు పెద్దమనిషిలాగా.

చేర్చుకునే ముందు వారం రోజులు పాపని క్లాసులో కూర్చోబెట్టి చూడటం ఆ స్కూలు పద్ధతి. దస్తగిరి రోజూ మోటారు సైకిలు మీద దింపి, రోజూ తెచ్చుకున్నాడు. రోజుకి రెండుసార్లు నస్రీన్ కనబడేది. అతనికి ఆ వారం పండగే.

అయిదో రోజు గేటు దగ్గర ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ముఖంలో నవ్వు లేదు.

"మీ పాప ఐదు దినాలుగా నోరు ఇప్పలేదు, తెలుసా మీకు? ఇంగ్లీషులో అర్థం కాకుంటే ఈడ ఉర్దూలో సెప్తారు. ఖురానుకి అర్థం కూడా ఉర్దూలోనే. ఇప్పుడు సూస్తే వరండాలో గోడతో మాట్లాడుకుంటాంది. 'మా అవ్వ ఇంటికి పోతా' అని, తెలుగులో! ఎందుకు రాసినావప్పా ఉర్దూ అని?"

దస్తగిరి బిత్తరపోయాడు. కోపంలో జారిన ఆ మాట అచ్చం తన ఇంటి మాట.

"మీరు... యాడోళ్ళు?"

"మాదీ దూదేకుల ఇల్లే. మా నాయన పీరయ్య. ఎమ్మిగనూరులో పరుపులు కుట్టి నన్ను సదివించినాడు."

"సెప్పలేదే!"

"మీరు సెప్పినారా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. ఆ తల దించుకోవడంలో సిగ్గు ఎంతో, దగ్గరితనమూ అంతే ఉంది.

"బడి మంచిదే," అంది ఆమె, గొంతు తగ్గించి. "ఉర్దూ ఇండ్ల పిల్లోళ్ళు బాగా నేర్చుకుంటాండారు. ఈ పాపకి మాత్రం ఇప్పుడు సరిపడదు. అయినా ఈడే ఉంచుతానంటే మీ ఇష్టం. ఒక్కటి సెప్పండి. పాపని తెచ్చింది పాప కోసమా, ఇంకెవరి కోసమా?"

ఈడే ఉంచుతానంటే రేపటినుంచి రోజూ ఈ గేటు, ఈ ముఖం. దస్తగిరి సమీరా వైపు చూశాడు. చెంపల మీద ఏడుపు చారలు ఎండి ఉన్నాయి.

"ఫారం వెనక్కి ఇచ్చేయండి," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చింది. కళ్ళెత్తలేదు.

సమీరా ఇంటి వెనక బడిలో చేరింది. సాయంత్రం తెలుగులో అర్థం చెప్పే హజరత్ దగ్గర ఖురాను నేర్చుకుంటోంది. వారానికల్లా ఇల్లు ఎగరగొట్టేంత మాటలు మొదలయ్యాయి. దస్తగిరికే మాటలు తగ్గాయి.

ఎమ్మిగనూరు బస్సు రోజూ ఐదుంబావుకి అతని అంగడి ముందునుంచే పోతుంది. ఆ వేళకి చేతిలో పనేదైనా ఆగిపోయేది. ఏ కిటికీ దగ్గర కూర్చుందో వెతికేవాడు. వాన పడితే కిటికీలన్నీ మూసేసేవాళ్ళు. ఒకప్పుడు ఆగొద్దని వేడుకున్న వానని ఇప్పుడు నోరారా తిట్టేవాడు. బడికి వెళ్ళాలంటే కారణం లేదు. కారణం లేకుండా వెళ్ళే ధైర్యం లేదు. ఆమె కావాలి. అంతకు మించి అతనికి ఏమీ తోచడం లేదు.

రెండు నెలలు చూసి, ఖాసింబీ ఒక సాయంత్రం సరాసరి అంగడికి వచ్చింది.

"ఆ బడికి పోయొచ్చినా."

సూది దస్తగిరి వేలికి గుచ్చుకుంది. "ఎందుకక్కా?"

"పది మాట్లు తిరిగినోడు ఎందుకు వద్దన్నాడో కనుక్కుందామని. ఆ టీచరు అంతా సెప్పింది. ఫీజు కట్టే పిల్లని కూడా, పాప మంచి కోసమని వద్దనింది. అట్లాటి మనిషి యాడ దొరుకుతుందిరా? బడి వద్దన్నావు, సరే. టీచర్ని కూడా వద్దంటావా?"

దస్తగిరి ముఖం చూసి జవాబు అక్కర్లేదనుకుంది.

"వాళ్ళ నాయనతో ఫోన్లో మాట్లాడినా. పెళ్ళి మాటకి ఆదివారం రమ్మన్నాడు. ఆ పిల్లని అడిగితే సరే అంది. కానీ ముందు నీతో ఒక మాట సెప్పాలంట. లే, ఐదు కావస్తాంది."

బైపాసు స్టాపులో నస్రీన్ గొడుగు కింద నిలబడి ఉంది. దస్తగిరి తడుస్తూ పరుగెత్తాడు.

"ఆ పొద్దు ఫారం వెనక్కి తీసుకోకుంటే బాగుండునని నాకూ ఉండింది," అంది ఆమె. "తీసుకోకుంటే రోజూ గేటు కాడ కనపడేటోళ్ళు కదా. మీరు తీసుకుంటిరి. బస్సులో ఊరు వచ్చేదాకా ఏడ్చినా."

"నేనూ..."

"నన్ను సెప్పనీయండి. ఆ పొద్దు మీరు తీసుకోకుంటే, ఈ పొద్దు మీ అక్కకి సరే అని సెప్పేదాన్ని కాదు."

దస్తగిరి ముఖం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కి, మెట్టు మీదనుంచి వెనక్కి తిరిగింది.

"ఆదివారం వస్తాండారు కదా?"

"ఆదివారానికి ఇంకా నాలుగు దినాలుంది," అన్నాడు దస్తగిరి. "యాడ ఆగేది?"

అని బస్సెక్కేశాడు.