పెద్ద నంబరు, చిన్న కార్డు

"డిటెక్టివ్ గారు ఉన్నారాండీ?"

బాబ్జీ తలెత్తి చూశాడు. బ్రాడీపేటలో బజ్జీల కొట్టు మీద గది వాళ్ళ ఆఫీసు. కింద మాడిన నూనె వాసన మెట్లెక్కి ఆ పిల్లతో పాటే లోపలికొచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. చెమటకి చున్నీ మెడకి అంటుకుపోయింది. ఫోన్ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు వేళ్ళ కొసలతో పట్టుకుంది.

"నేనే. కూర్చో," అంది జయకుమారి.

ఆ పిల్ల ఆవిడ వెనకాల ఇంకెవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూసింది.

"వెనక గోడే ఉందమ్మా. డిటెక్టివ్‌ని నేనే."

జయకుమారికి యాభై దాటాయి. మంగళగిరి నేత చీర, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయరు. కాలిపోయిన కోల్డ్ స్టోరేజీల బూడిదలో తిరిగి, మంట అంటుకుందో అంటించారో చెప్పేది. ఆవిడ ఏం చూసినా మొదట వాసన చూసినట్టు చూస్తుందని బాబ్జీకి మహా గొప్ప. ఆ ముక్కుని నమ్ముకునే వేరే ఉద్యోగం వదిలి ఈవిడ దగ్గర చేరాడు.

పిల్ల పేరు భవ్య. ఊరు ప్రత్తిపాడు. ఫోన్ బల్ల మీద పెట్టి ఇవతలికి తోసింది.

గుంటూరు కంప్యూటర్ షాపుల వాట్సాప్ గ్రూపు. అందులో ఈ పిల్ల ఫోటో. కింద, "ఈ అమ్మాయి పేరు భవ్య. మా షాపులో కార్డు మార్చేసింది. దొంగ. ఎవరూ పనిలో పెట్టుకోవద్దు." ఆ కింద జనం బొటనవేళ్ళు పెట్టారు. కొందరు పళ్ళికిలించే బొమ్మలు పెట్టారు. ఒక మహానుభావుడు "ఫోటో బాగుంది, ఫోన్ నంబరుందా?" అని అడిగాడు.

"సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి పోతానన్నారండీ మా ఓనరు లక్ష్మీకాంత్ గారు," అంది భవ్య. "స్టేషనంటే కూడా నాకంత భయం లేదు మేడం. నాకొచ్చిన పని ఇదొక్కటే. ఈ గ్రూపులో లేని షాపు ఊళ్ళో లేదు."

"మొదట్నుంచి చెప్పు."

చెప్పింది. లక్ష్మీకాంత్‌ది పాత ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసి అమ్మే షాపు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి బాపయ్య కొడుకు కోటేష్ ప్రత్తిపాడులో గేముల సెంటరు పెడదామని వచ్చాడు. కొత్త గ్రాఫిక్స్ కార్డుల ధర విని, ఇంజనీరింగ్ ఆఫీసుల్లో వాడి తీసేసిన పాతవి చాలన్నాడు. రెండు రకాలు తేలాయి. కె 4000 అనేది లక్ష్మీకాంత్ సొంత సరుకు, ఒక జిన్నింగ్ మిల్లు నుంచి టోకున కొన్నాడు. కె 2200 బ్రోకరు సలీం హైదరాబాదు నుంచి తెచ్చింది. మచ్చుకి ఒకటి షాపులో పెట్టి వెళ్ళాడు.

"రెండూ ఒకే కంప్యూటర్లో, ఒకే గేము పెట్టి చూశాను మేడం, శనివారం, కోటేష్ గారి ముందే. చిన్న నంబరుదే బాగా ఆడింది. నంబరు పెద్దదైతే గొప్ప అనుకుంటారు గానీ, 4000 ముందు తరానిది. మెమరీ కూడా దానికి మూడే, దీనికి నాలుగు. పైగా పెద్దదానికి కరెంటుకి విడిగా ఆరు కాళ్ళ వైరు కావాలి. చిన్నది ఏ వైరూ లేకుండా స్లాట్లో గుచ్చితే చాలు. పాత ఆఫీసు కంప్యూటర్లలో ఆ వైరుండదు. అందుకే చిన్నది తీసుకోమన్నాను."

"ఓనరు సరుకు వద్దని, ఓనరు ముందే చెప్పావా?" అన్నాడు బాబ్జీ.

"అడిగితే ఉన్నమాటే కదండీ చెప్పాలి."

జయకుమారి కళ్ళజోడు పైకి తోసుకుంది. ఆ పిల్ల ఆవిడకి నచ్చిందని బాబ్జీకి అర్థమైంది.

"ఇవాళ మళ్ళీ ఆడిచ్చి చూపించమన్నారు. సొరుగులోంచి చిన్నదాన్ని తీసి పెట్టాను. ఆగి ఆగి ఆడి, కాలిపోతున్నట్టు వేడెక్కి ఆరిపోయింది. ఓనరు గారు స్టిక్కరు మీద నంబరు చూశారు. సలీం భాయ్ రాసిచ్చిన నంబరు కాదు, ఆయన ఇచ్చిన కార్డు కాదది. సొరుగు తాళం నా దగ్గరే ఉంది మేడం. నేనే మార్చానన్నారు. కోటేష్ గారైతే, సలీం దగ్గర ఎంత తిన్నావే అన్నారు."

"శనివారం టెస్టు అయ్యాక సొరుగులో పెట్టేదాకా కార్డు నీ చేతిలోనే ఉందా?"

"పెట్టెలో పెట్టి బల్ల మీదుంచాను. ఓనరు గారు తనకీ కోటేష్ గారికీ టీలు తెమ్మన్నారు. తెచ్చాక పెట్టె సొరుగులో పెట్టి తాళం వేశాను. పెద్దదాన్ని మాత్రం కోటేష్ గారు, మా కొట్లో కంప్యూటర్‌కి పెట్టి చూస్తానని తన గుడ్డ సంచిలో వేసుకుని పట్టుకెళ్ళారు. పొద్దున తెచ్చిచ్చారు."

"పద," అంది జయకుమారి.

* * *

షాపులో లక్ష్మీకాంత్ అగ్గిపుల్లతో చెవి గెలుక్కుంటున్నాడు. గెలికిన పుల్లని ఒకసారి చూసుకుని, దాంతోనే బల్ల మీది కార్డుని చూపించాడు.

"అదేనండీ ఆ పిల్ల పెట్టిన చచ్చు సరుకు. తిండి పెట్టిన చేతినే కరిచింది."

"పెట్టెని ఇంకెవరూ ముట్టుకోలేదా?"

"ఒక్క పురుగు కూడా ముట్టుకోలేదు. నేనిక్కడే, ఈ కుర్చీలోనే ఉన్నా."

"టీలు వచ్చేదాకానా?"

"వచ్చేదాకా, తాగేదాకా."

జయకుమారి ముందు మిల్లు నుంచి వచ్చిన కె 4000 ఒకటి తీయించింది. దాని ఫ్యాను సందుల్లో పత్తి నుసి జిడ్డుతో కలిసి, స్నానాల గది తూములో జుట్టులాగా ఉండలు కట్టి ఉంది. మధ్యలో ఎండిపోయిన బొద్దింక కాళ్ళు. బాబ్జీ మొహం తిప్పేసుకున్నాడు. తర్వాత చచ్చు కె 2200 అందుకుని, స్క్రూలు విప్పి, ఫ్యాను లోపల వేలు పెట్టి తిప్పి చూశాడు. ఏదో అడ్డం తగులుతోంది. గోటితో లాగాడు. చెమట పట్టిందని కన్ను తుడుచుకున్నాడు. అంతే.

"అమ్మో! మేడం! కన్ను! కన్ను!"

భవ్య సీసాలో నీళ్ళు మొహాన కొట్టింది. లక్ష్మీకాంత్ విరగబడి నవ్వాడు. జయకుమారి మాత్రం బల్ల మీద పడినదాన్ని చూస్తోంది. చదునుగా, పసుపుపచ్చగా ఒక గింజ. చుట్టూ ఎర్రటి పొడి.

"మిరప గింజ," అంది. "గుంటూరులో పుట్టినవాడివి, కారం అంటిన చేత్తో కన్ను తుడుచుకుంటావురా?"

"హైదరాబాదు కార్డులో మిరపకాయ ఉంటుందని నేనేమన్నా కలగన్నానా మేడం?" అన్నాడు బాబ్జీ కన్ను మూసుకునే.

సలీంని ఫోన్ చేసి పిలిపించారు. బక్కపల్చటి మనిషి. వచ్చీరాగానే వాపోయాడు.

"మన సరుకు అద్దంలాంటిది మేడం. డ్రాయింగు ఆఫీసులో ఏసీలో పెరిగినవి. తీసి కవర్లో పెట్టి సీలేసి తెచ్చా. ఇప్పుడేమో మార్కెట్లో పరువు పోయింది. పొద్దున నేను టిఫిన్ తింటుంటేనే కోటేష్ ఫోను. 'భాయ్, మీది తాలు సరుకని తేలిపోయింది, పారేసే రేటుకిస్తే నేనే ఎత్తుకుపోతా' అని. ఇడ్లీ గొంతు దిగలేదు."

"పొద్దున అంటే?"

"షాపులు తీయకముందే."

జయకుమారి నోట్లో ఏదో చేదు తగిలినట్టు పెదాలు బిగించింది.

"లక్ష్మీకాంత్ గారూ, ఆ 4000 కార్డు కూడా పట్టుకుని రండి. అందరం యార్డుకి పోదాం."

* * *

బాపయ్య కొట్టు నిండా మిరపకాయలు కుక్కిన గోనె బస్తాలు, టిక్కీలు. ఆ ఘాటుకి బాబ్జీ రెండో కన్ను కూడా కారడం మొదలెట్టింది. మూల బల్ల కింద పాత ఆఫీసు కంప్యూటరు. దాని పక్కనే గోడకి తగిలించిన గుడ్డ సంచి. వేలంపాటకి ముందు నాలుగు కాయలు వేసుకుని తిప్పే మచ్చు సంచి, అడుగంతా ఎర్రగా మరకలు కట్టింది.

బాపయ్య దిండుకి ఆనుకుని కూర్చునున్నాడు. కోటేష్ తెల్లచొక్కా, జేబులోంచి రెండు మిరపకాయల తొడిమలు బయటికి చూస్తున్నాయి.

"దొంగని మా కొట్లోకి ఎందుకు తెచ్చారండీ?" అన్నాడు భవ్యని చూసి.

"ఎవరు తెచ్చుకున్నారో చూద్దాం బాబూ," అంది జయకుమారి. "ఆదివారం ఈ పెద్ద కార్డు ఇక్కడ పెట్టి చూశావటగా. ఎట్టా ఆడింది?"

"బ్రహ్మాండం. పొద్దస్తమానం ఆడాను. చిన్నదాంట్లో ఏముందండీ? తాలు."

"అయితే ఇప్పుడొకసారి పెట్టి చూపించు."

కోటేష్ కార్డు అందుకున్నాడు. కంప్యూటరు వైపు చూశాడు. కదల్లేదు.

"మూత తియ్యవయ్యా."

"స్క్రూడ్రైవరు లేదు."

"నా దగ్గరుంది," అని బాబ్జీ ఇచ్చాడు.

"ఇప్పుడు కుదరదండీ. బిల్లులు కొట్టాలి దాంట్లో."

"ఒరేయ్, తీసి చూపించి పంపరాదూ," అన్నాడు బాపయ్య విసుగ్గా.

కోటేష్ తీయలేదు. భవ్యే బల్ల కింద కూర్చుని మూత లాగింది. లోపలికి చూసి అలాగే ఉండిపోయింది.

"ఏముందమ్మా?"

"కె 2200 మేడం."

సలీం వంగి, స్టిక్కరు మీది నంబరుని తన ఫోన్లో ఫోటోతో పోల్చుకుని, "నాదే!" అని అరిచాడు.

జయకుమారి ఒక టిక్కీ మీద కూర్చుంది. గొంతు పెంచకుండా చెప్పడం మొదలెట్టింది.

"కోటేష్‌కి ఏ కార్డు మంచిదో మనందరికంటే బాగా తెలుసు. శనివారం కళ్ళారా చూశాడు. చూశాక కాదు, చూడకముందే చిన్నదే మంచిదని అనుమానముంది గనక, ఆన్‌లైన్లోనో ఎక్కడో చచ్చిన 2200 ఒకటి సంపాదించి మచ్చు సంచిలో వేసుకుని వచ్చాడు. భవ్య టీలకి వెళ్ళగానే మంచిదాన్ని తీసి చచ్చినదాన్ని పెట్టాడు. పెద్దదాన్ని అడిగి పట్టుకెళ్ళింది ఎందుకు? సంచి బరువుగా ఎందుకుందని ఎవరూ అడక్కుండా. కానీ సంచిలో ఉన్న గింజ ఫ్యానులోకి పోయింది. సలీం కార్డులు ఏసీ గదిలో పెరిగాయి, లక్ష్మీకాంత్‌వి పత్తిలో పెరిగాయి. షాపులోకి మిరపకాయ తెచ్చిన సంచి ఇదొక్కటే."

"గుంటూరులో మిరప గింజ ఎక్కడుండదండీ?" అన్నాడు కోటేష్.

"ఉంటుంది. అందుకే ఒక్క గింజతో ఆగలేదు. భవ్యా, ఆ కంప్యూటర్లో పెద్ద కార్డుకి కావలసిన వైరుందా?"

"లేదు మేడం. దీంట్లో అది ఆడదు."

"పొద్దస్తమానం బ్రహ్మాండంగా ఆడినది మరి ఏది? ఇంకోటి. ఇవాళ టెస్టు జరక్కముందే, షాపు తాళం కూడా తీయకముందే, చిన్న కార్డు తాలని సలీంకి ఫోన్ చేసి చెప్పావు. ఎట్టా తెలిసింది?"

కోటేష్ జేబులో తొడిమల్ని లోపలికి తోసుకున్నాడు. బయట హమాలీ ఎవరో ఖళ్ళున దగ్గి ఉమ్మేశాడు.

అప్పుడు బాపయ్య నవ్వాడు. పొట్ట కదిలేలా, మురిపెంగా.

"ఓసోస్, ఇంతేనా! కొనేవాడు సరుకుని తిట్టకపోతే రేటెట్టా దిగుద్దండీ? మంచి కాయల్లో నాలుగు తాలు కాయలు పడేసి చూపించటం ఇక్కడ ఎవడు చెయ్యడు? మావాడు యార్డులో పెరిగాడు. ఫర్లేదు, పనికొస్తాడు."

బాబ్జీ దొంగల్ని చూశాడు, పట్టుబడి ఏడ్చినవాళ్ళని చూశాడు. కొడుకు దొంగతనానికి ఇట్టా వెన్నతిన్నట్టు మురిసే తండ్రిని చూడలేదు. అక్కడి గాలి పీల్చుకోవాలన్నా రోతగా అనిపించింది.

"టిక్కీని తాలంటే దానికేం పోయిందండీ?" అంది జయకుమారి. "సాయంత్రానికి ఎవరో ఒకరు కొంటారు. ఈ పిల్లని దొంగన్నారు. రేపు దీన్ని ఎవరు పిలుస్తారు?"

లక్ష్మీకాంత్ మెల్లగా గుమ్మం వైపు జరిగాడు.

"మీరుండండి. టీలొచ్చేదాకా ఆ కుర్చీలోనే ఉన్నానన్నారు. పెట్టె మీ ముందే. కోటేష్ చెయ్యి పెట్టడం మీకు కనపడలేదా?"

"అంటే... ఏదో సర్దుతున్నాడనుకున్నా..."

"అనుకోలేదు. చిన్నది చెడితే మీ మిల్లు సరుకు అమ్ముడుపోతుందనుకున్నారు. అతనేమో మీది కొనడానికి కాదు, సలీం రేటు దింపడానికి చేశాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు వెర్రివాళ్ళని చేస్తున్నామనుకున్నారు. మధ్యలో ఈ పిల్లని తొక్కారు. స్టేషన్‌కి సాయంత్రం పోతానన్నారుగా? ఇప్పుడే పోదాం, నేనూ వస్తా. చూస్తూ ఊరుకున్న మాట కూడా చెబుదాం."

లక్ష్మీకాంత్ మొహం ఉడికిన వంకాయలా అయింది. "స్టేషనెందుకులెండి మేడం. భవ్యా, అమ్మా, రేపట్నుంచి పన్లోకి వచ్చెయ్. అయిందేదో అయింది."

"నేను రాను సార్," అంది భవ్య. "గ్రూపులో చెప్పండి."

లక్ష్మీకాంత్ పాత పోస్టు తీసేసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గొణిగాడు. "మిత్రులకు నమస్కారం. పొద్దున మా స్టాఫ్ మీద పెట్టిన పోస్టు పొరపాటు. కార్డు దొరికింది. వాళ్ళ తప్పేం లేదు." పంపేసి, బరువు దిగినట్టు చూశాడు.

"ఎవరి తప్పు లేదు సార్?" అంది భవ్య.

"అదేనమ్మా, స్టాఫ్..."

"దొంగన్నప్పుడు స్టాఫ్ అనలేదుగా సార్. పేరు పెట్టే అన్నారు."

కోటేష్ ఏదో గొణగబోయాడు. బాపయ్య దిండు సర్దుకుంటూ, "అబ్బో, పిల్లకి పంతం," అన్నాడు. భవ్య వాళ్ళవైపు చూడలేదు. వంగి, లక్ష్మీకాంత్ ఫోన్లో రికార్డు బొత్తాం మీద తనే వేలు పెట్టి నొక్కిపట్టుకుంది.

"చెప్పండి సార్. భవ్య."

లక్ష్మీకాంత్ అందరి ముందూ, ఆ ఘాటులో దగ్గుకుంటూ చెప్పాడు.

"భవ్య... భవ్య దొంగ కాదు. చూసి కూడా చెప్పనిది నేను."

భవ్య వేలు తీసేసింది. ఆ మాట గ్రూపులోకి పోయింది.